నాకూ పాలిచ్చినావా అమ్మా?

పోయిన వారం మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. బిడ్డ పుట్టి పన్నెండు రోజులైంది. మామూలుగా ఫోన్ ఎత్తగానే "అక్కా, ఏం వండినావు?" అని మొదలుపెట్టే పిల్ల, ఆ రోజు పలకరింపు కూడా లేకుండా ఏడుపు అందుకుంది.

"అక్కా, నాకు పాలు చాలడం లేదంట. రాత్రంతా ఏడుస్తానే ఉంది పాప. డబ్బా పాలు పట్టమని మా అత్త అంటోంది, అమ్మ కూడా అదే అంటోంది. నేనేం తప్పు చేసినా అక్కా?"

ఆ ఆఖరి మాట దగ్గర నా చేతిలో పని ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే నేనూ అడిగాను, 2014లో. అప్పుడు నాకు జవాబు చెప్పినవాళ్లు లేరు. దానితో ఒక గంట మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక, ఇదంతా ఒకచోట రాసి పెడితే ఇంకెవరికైనా పనికొస్తుంది కదా అనిపించింది. నేను డాక్టర్ని కాదు. ఇద్దరు పిల్లలకు పాలిచ్చిన తల్లిని. ఒకరికి సరిగ్గా ఇవ్వలేకపోయాను, ఇంకొకరికి రెండేళ్లు దాటేదాకా ఇచ్చాను. ఆ రెండింటి మధ్య నేను నేర్చుకున్నదే ఇది.

మా అమ్మాయి 2014 ఏప్రిల్‌లో పుట్టింది. పుట్టిల్లు తాడిపత్రి. తాడిపత్రి ఎండలు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మాది నాపరాళ్ల బండలు పరిచిన పాత మిద్దె. పగలంతా కాగిన బండ రాత్రి రెండైనా చల్లారదు. దానికి తోడు అప్పుడు ఎన్నికలు. వీధిలో ఆటోలకు మైకులు కట్టుకుని ఒకరి వెనక ఒకరు తిరిగేవాళ్లు. బిడ్డ నిద్రపోయిందనుకునేలోపు ఒక మైకు వచ్చి లేపేది.

కాన్పు ఆపరేషన్ అయింది. ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో. నాకు మత్తు వదిలేసరికి బిడ్డకు అప్పటికే డబ్బా పాలు పట్టేశారు. "ఆపరేషన్ అయిన తల్లికి మూడు రోజులు పాలు పడవు, అందాకా ఇదే పట్టండి" అని చీటీ మీద పేరు రాసిచ్చారు. మా నాన్న పరుగున పోయి కొనుక్కొచ్చాడు. ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు.

రెండో రోజు చిక్కగా, పసుప్పచ్చగా నాలుగు చుక్కలు వచ్చాయి. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దావిడ "అవి చెడ్డ పాలు మే, పిండి పారేయల్ల" అంది. పిండి పారేశాం. అవే ముర్రుపాలని, బిడ్డకు మొదటి టీకా లాంటివని నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది. మన ఊళ్లలో ఆవు ఈనితే ఆ జున్నుపాలు ఇంటింటికీ పంచుకుని తింటాం, అపురూపం అంటాం. మన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పారబోస్తాం. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి.

అవి నాలుగు చుక్కలే కదా, బిడ్డకు ఏం సరిపోతాయి అనుకున్నాం. మొదటి రోజు బిడ్డ పొట్ట గోళీకాయంతే ఉంటుంది. దానికి ఆ చుక్కలే కడుపునిండా భోజనం. మూడో రోజో నాలుగో రోజో అసలు పాలు దిగుతాయి. ఆపరేషన్ అయితే ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. అంతే తప్ప ఆపరేషన్ అయితే పాలు రావని ఎక్కడా లేదు. బిడ్డను మొదట్నుంచీ రొమ్ముకు పట్టించడం ఒక్కటే చేయవలసింది. అదొక్కటే మేం చేయలేదు.

ఇంటికొచ్చాక పాలు పడ్డాయి. కానీ సీసాకు అలవాటుపడ్డ బిడ్డ నా దగ్గర రెండు గుక్కలు తాగి ఏడ్చేది. చనుమొనలు చీలి రక్తం వచ్చేది. బిడ్డ నోరు దగ్గరికి వస్తుంటే పళ్లు బిగబట్టుకునేదాన్ని. ఏడ్చినప్పుడల్లా ఇంట్లో ఒకటే మాట: "పాలు చాలక ఏడుస్తాండాది." ఆ మాట పది మంది పది సార్లు అంటే మన ఒళ్లు కూడా నమ్మేస్తుంది.

ఇక ఎండ. "ఇంత ఎండలో మనకే నాలుక పిడచకట్టుకపోతాంది, పసిగుడ్డుకు నీళ్లు లేకుంటే ఎట్ల?" అని మా అవ్వ చక్కెర నీళ్లు దూదితో పిండేది. మా అమ్మ కాచి చల్లార్చిన నీళ్లు స్పూనుతో తాపేది. ఎవరూ చెడు కోరి చేయలేదు. ప్రేమతోనే చేశారు. బిడ్డకు ఆరు వారాలప్పుడు విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఆ చిన్న చేతికి సూది గుచ్చడానికి నరం దొరక్క నర్సు నాలుగు చోట్ల వెతికింది. బయట కటకటాలు పట్టుకుని నేను నిలబడ్డాను. ఆ నీళ్ల వల్లే వచ్చిందా, సీసా సరిగా ఉడకబెట్టకపోవడం వల్ల వచ్చిందా, ఇప్పుడు చెప్పలేను. ఆ తర్వాత సీసా పాలు పెరిగాయి, నావి తగ్గాయి. మూడో నెల దాటేసరికి పూర్తిగా ఇంకిపోయాయి.

"నీ ఒంట్లో పాలు లేవులే" అన్నారు అందరూ. బావిలో నీళ్లు లేవన్నంత సులువుగా.

బావితో పోల్చడమే తప్పని తర్వాత అర్థమైంది. తోడితే అయిపోయేది బావి. పాలు అట్లా కాదు. బిడ్డ ఎంత లాగితే ఒళ్లు అంత తయారుచేస్తుంది. లాగకపోతే 'అవసరం లేదు కాబోలు' అని మానేస్తుంది. మేం సీసా పట్టిన ప్రతిసారీ నా ఒంటికి 'వద్దు' అని చెప్పినట్టే అయింది. నాకు పాలు లేక సీసా పట్టలేదు, సీసా పట్టడం వల్ల పాలు పోయాయి. ఈ ఒక్క ముక్క నాకు పన్నెండో రోజున ఎవరైనా చెప్పి ఉంటే!

2018 నవంబరులో అబ్బాయి పుట్టాడు. ఈసారి అనంతపురంలోనే, సర్కారు ఆసుపత్రిలో. మళ్లీ ఆపరేషనే. థియేటర్ బయటికి తెచ్చిన కాసేపటికే ఒక నర్సమ్మ వచ్చి, ఏమీ అడక్కుండా బిడ్డను తెచ్చి నా రొమ్ము మీద వేసింది. "పాలు ఇంకా పడలేదమ్మా" అన్నాను భయంగా. "పడతాయో లేదో వాడు చూసుకుంటాడు. నువ్వు ఊరికే పండుకో" అంది. నేను కుట్ల నొప్పితో కదల్లేకపోతుంటే నన్ను పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, బిడ్డ పొట్ట నా పొట్టకు ఆనేలా పడుకోబెట్టింది.

చీలికలు ఎందుకొస్తాయో కూడా ఆమే చూపించింది. బిడ్డ ఒట్టి మొన మాత్రం పట్టుకుంటే చీలుతుంది. నోరు బాగా తెరిచేదాకా ఆగి, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోయేలా పట్టించాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. రెండు నిమిషాల పని. మొదటిసారి నెలరోజులు రక్తం కార్చుకున్నదంతా ఈ రెండు నిమిషాలు చెప్పేవాళ్లు లేకనే!

అట్లాగని రెండోసారి అంతా పూలపాన్పేం కాదు. నాలుగో రోజు రొమ్ములు రాళ్లయ్యాయి. చెయ్యి ఎత్తలేను, రవిక వేసుకోలేను. వేడి నీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు వేసి, చేత్తో మెల్లగా కొంచెం పిండి మెత్తబడ్డాక బిడ్డకు పట్టిస్తే దారికొచ్చింది. మూడో వారంలో ఒకవైపు ఎర్రగా గడ్డ కట్టి చలిజ్వరం వచ్చింది. "ఆ పక్క ఇయ్యొద్దు, పాలు విరిగిపోయింటాయి" అన్నారు. డాక్టరమ్మ మాత్రం మందులు రాసిచ్చి, ఆ పక్కా పాలు ఆపొద్దంది. ఆపితేనే గడ్డ ముదురుతుందట. ఏడుస్తూనే ఇచ్చాను. నాలుగు రోజులకు తగ్గింది.

పథ్యం సంగతి కూడా చెప్పాలి. మొదటి కాన్పుకు నన్ను నీళ్లు కూడా కొలిచి తాగనిచ్చారు, పొట్ట జారుతుందని. రెండోసారి నేనే గట్టిగా ఉన్నాను. పాలివ్వడానికి కూర్చున్నప్పుడల్లా పక్కన చెంబు నీళ్లు ఉండాల్సిందే. అమ్మ వచ్చి వెల్లుల్లి కారం, మునగాకు పప్పు, మెంతులు, రాగి సంగటి, శెనక్కాయల బెల్లం ఉండలు చేసిపెట్టింది. వీటిలో ఏది పాలు పెంచిందో నాకు తెలియదు. ఆకలి తీరేలా తిన్నాను, నన్ను పడుకోనిచ్చారు, బిడ్డ అడిగినప్పుడల్లా ఇచ్చాను. అసలు మందు అదేననుకుంటాను.

చాలుతున్నాయా లేదా అనే భయం మాత్రం వదల్లేదు. దానికి ఆ నర్సమ్మ చెప్పిన లెక్క ఒకటుంది: "ఏడుపు లెక్కపెట్టద్దు, తడిసిన గుడ్డలు లెక్కపెట్టు." మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ కొంచెం బరువు తగ్గడం మామూలే. రెండు వారాలకల్లా మళ్లీ అందుకుంటుంది. సాయంత్రాలు గంటకోసారి అడిగినా కంగారు పడక్కర్లేదు. అట్లా లాగి లాగి రేపటి పాలకు ఆర్డర్ పెట్టుకుంటాడన్నమాట.

అసలు పరీక్ష 2019 ఏప్రిల్‌లో వచ్చింది. అబ్బాయికి అయిదు నెలలు. కళ్యాణదుర్గం దగ్గర మా అత్తవాళ్ల ఊళ్లో బోరు ఎండిపోయింది. ఎండాకాలం అయ్యేదాకా ఉంటానని అత్త మా దగ్గరికి వచ్చింది.

మన జిల్లాలో నీళ్ల మాట అంటే మామూలు మాట కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన. అది కూడా శెనక్కాయకు కావాల్సినప్పుడు పడదు. చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చి వందల ఊళ్లకు కొళాయిలు తెచ్చేదాకా, తాగే నీళ్ల కోసం బిందె చంకన పెట్టుకుని నడిచినవాళ్లే మన అత్తలూ అమ్మలూ. అట్లాంటి ఆడమనిషికి, 42 డిగ్రీల ఎండలో, బిడ్డకు నీళ్లు పెట్టొద్దని చెప్పడమంటే ఎంత కష్టమో ఆలోచించండి.

"గొంతెండిపోతాంది మే బిడ్డకి. రెండు చుక్కలు తాపితే ఏమైతాది?" అంటూ గిన్నె పట్టుకుని వచ్చేది.

"వద్దత్తా. ఆరు నెలలదాకా పాలే చాలన్నారు. పాలలోనే నీళ్లుంటాయంట."

"పాలు పాలే, నీళ్లు నీళ్లే. మేం పెంచలేదా?"

నేను చదివింది చెప్పాను. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. ఎండ ఎక్కువైతే బిడ్డ మాటిమాటికీ కొద్దికొద్దిగా తాగి తన దాహం తానే తీర్చుకుంటాడు. అందుకే వేడి దేశాల్లో కూడా ఆరు నెలలదాకా చుక్క నీళ్లు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నీళ్లతో పొట్ట నింపితే పాలు తాగడం తగ్గిస్తాడు, పాలు తగ్గితే నా దగ్గర ఊరడం తగ్గుతుంది. పైగా మన నీళ్లు ఎట్లాంటివో మనకే తెలుసు. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నా పాలలోకి దిగేది బహు తక్కువ. అదే నీళ్లు స్పూనుతో తాపినా, వాటితో డబ్బా పాలు కలిపినా నేరుగా బిడ్డ కడుపులోకే పోతుంది.

అత్త వినింది. ఒప్పుకోలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఒకరోజు నేను స్నానానికి పోయి వచ్చేసరికి, బిడ్డ ఒళ్లో, గిన్నె పక్కన, స్పూను చేతిలో. నాకు ఒక్కసారిగా ఆసుపత్రిలో నరం కోసం వెతుకుతున్న నర్సు చెయ్యి కళ్లముందుకొచ్చింది. నోరు జారాను. "పెద్దదాన్ని అట్లే ఆసుపత్రి పాలు చేసినాం, వీణ్ణి కూడా చేస్తారా?" అని అరిచాను. అత్త మీద గొంతెత్తడం అదే మొదలు.

ఆమె స్పూను కింద పెట్టింది. ఏమీ అనలేదు. సాయంత్రం కరెంటు పోయినప్పుడు వరండాలో కూర్చున్నాం. బిడ్డకు నేను పాలిస్తున్నాను. అప్పుడు చెప్పింది.

మా ఆడబిడ్డ పుట్టినప్పుడు కరువట. మూడో నెలకే అత్త కూలికి పోవాల్సి వచ్చింది. రోడ్డు పని. కంకర కొట్టి తట్టలతో మోయడం. బిడ్డ ఇంట్లో ముసలావిడ దగ్గర. తెల్లవారుజామున పాలిచ్చి పోతే మళ్లీ పొద్దుగూకినాకనే.

"మద్యాన్నానికి రెండుపక్కలా నిండిపోయేవి మే. రవిక తడిసేది. మొగోళ్లు చూస్తారని కొంగు కప్పుకోని గట్టు ఎనక్కి పోయి పిండేసేదాన్ని. ఇంట్లో బిడ్డకు మా అత్త చక్కెర నీళ్లు తాపేది, ఇంగేమి తాపుతాది పాపం. నా బిడ్డ నీళ్లు తాగె, నా పాలు చీమలు తాగె."

నేను మాట్లాడలేకపోయాను. ఇన్నేళ్లూ ఆమె గిన్నెలో నీళ్లు పట్టుకుని వచ్చినప్పుడల్లా నాకు మొండితనం కనిపించింది. ఆమెకు మాత్రం నీళ్లే బిడ్డను బతికించాయి. పాలుండీ ఇవ్వలేని తల్లికి ఆ నీళ్లను తప్పనడం ఎట్లా ఒప్పుకోవడం? తప్పంటే తన బిడ్డకు తాను చేసింది తప్పవుతుంది.

"మీరు చేసింది తప్పని కాదత్తా. మీకు వేరే దారి లేదు" అన్నాను.

చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "సరే, నువ్వింట్లో ఉండావు కదా. ఇయ్యి. వంట నేను సూసుకుంటా" అంది.

మే నెల ఎండలన్నీ మా అత్త వంటింట్లో, నేను కూలర్ ముందు బిడ్డతో. నీళ్ల గిన్నె మళ్లీ రాలేదు. నా పక్కన చెంబు మాత్రం ఆమే నింపి పెట్టేది.

ఆ రోజునుంచి నేను పొలాల వైపు చూసే చూపు మారింది. ఇప్పటికీ కలుపుకు పోయే ఆడవాళ్లు వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి, సాలుకొకసారి వచ్చి చూసుకుని పోతుంటారు. అట్లా తెచ్చుకోగలిగినామె అదృష్టవంతురాలు. బెంగళూరులో ఇళ్ల పనులకు వలసపోయినామెకు ఆ చెట్టు కూడా లేదు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు 2017 నుంచి 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. మంచిదే. కలుపు తీసే ఆమెకు సెలవు ఎవరిస్తారు? ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టంలో ఒక మంచి మాట రాశారు. పని దగ్గరికి చిన్న పిల్లలు అయిదుగురు, అంతకంటే ఎక్కువ వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని. ఈ సంగతి పనికి పోయే ఆడవాళ్లలో ఎంతమందికి తెలుసు? తెలిసినవాళ్లం నలుగురికి చెబుదాం. అడిగితేనే కదా వచ్చేది.

అట్లాగే ఇంకొకటి. డబ్బా పాల గురించి 1992లోనే మన దేశంలో చట్టం వచ్చింది. వాటికి ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకు ఉచితంగా శాంపిల్ డబ్బాలు పంచకూడదు, డబ్బా మీద బొద్దు పిల్లల బొమ్మలు వేయకూడదు. నాకు చీటీ రాసిచ్చిన రోజున ఇది తెలిసుంటే, కనీసం "ఎందుకు?" అని ఒక మాట అడిగేదాన్ని.

ఆరో నెలలో అన్నప్రాశన చేశాం. మన పెద్దవాళ్లు పెట్టిన ముహూర్తమూ, డాక్టర్లు చెప్పే లెక్కా ఇక్కడ చక్కగా కలిశాయి. రాగి జావ, మెత్తటి పప్పన్నం, నెయ్యి, తర్వాత గుడ్డు. అన్నం మొదలైందని పాలు ఆపలేదు. రెండేళ్లూ ఆపైనా ఇవ్వొచ్చని చెబుతారు కదా, ఇస్తూ పోయాను.

ఏడాది దాటిన పిల్లాడికి పాలివ్వడం వేరే లోకం. వాడికి నోట్లో పళ్లొచ్చాయి, కాళ్లొచ్చాయి, అభిప్రాయాలు కూడా వచ్చాయి. పాలను "పాయి" అనేవాడు. ఒకసారి కళ్యాణదుర్గం బస్సులో, నిండా జనం మధ్య, "అమ్మా పాయీ!" అని నా కొంగు లాగాడు. పక్కసీటు ఆవిడ "ఇంత పిల్లోడికి ఇంకా ఇస్తాండావా?" అంది. నాకు సిగ్గేసింది. వెనక సీటులోంచి ఒక ముసలవ్వ "ఇయ్యిమే, నీ పాలేగా, నీ బిడ్డేగా, ఆయమ్మకేం పోయింది" అంది. బస్సంతా నవ్వు. నేను కొంగు కప్పుకుని ఇచ్చాను.

ఒకసారి కొరికాడు. గట్టిగా అరిచాను. వాడు నా మొహం చూసి నవ్వి, మళ్లీ కొరికాడు. అరవకుండా, చిటికెన వేలు నోటి మూలలో పెట్టి విడిపించి, "పాయి అయిపోయింది" అని దించేయడం నేర్చుకున్నాక నాలుగు రోజుల్లో మానాడు.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వాడికి పదహారు నెలలు. మే నెలలో వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రికి పోవాలంటే భయం. అన్నం ముట్టడు, నీళ్లు కక్కేస్తాడు. ఫోన్‌లో డాక్టరమ్మ ఓఆర్ఎస్ స్పూనుతో తాపుతూ, పాలు అడిగినప్పుడల్లా ఇవ్వమంది. ఉచ్చ ఆగిపోయినా, మత్తుగా పడుకున్నా వెంటనే తీసుకురమ్మంది. రెండు రోజులు వాడు నా ఒంటికి అతుక్కునే ఉన్నాడు. కడుపులో నిలిచింది అవే. మూడో రోజు లేచి బంతి అడిగాడు.

రెండేళ్ల నాలుగు నెలలప్పుడు, 2021 మార్చిలో, మాన్పిద్దామనుకున్నాను. రాత్రుళ్లు నిద్ర లేక నాకు ఒళ్లు పోతోంది. అమ్మ ఫోన్‌లో "వేపాకు నూరి పూయి" అంది. పూశాను. వాడు నాకి, మొహం చిట్లించి, లేచి వెళ్లాడు. హమ్మయ్య అనుకున్నాను. ఒక నిమిషంలో తడిగుడ్డ పట్టుకుని వచ్చాడు. శుభ్రంగా తుడిచి, "అమ్మా, బూచి పోయింది" అని తాగడం మొదలుపెట్టాడు. నేనూ మా ఆయనా నవ్వలేక చచ్చాం.

తర్వాత మెల్లగా చేశాను. మొదట పగటివి, తర్వాత మధ్యరాత్రివి. పడుకునే ముందు మాత్రం ఒకసారి. ఆ ఒక్కటీ పోవడానికి నెల పట్టింది. వాళ్లక్క పక్కన పడుకుంటానని వాడే దిండు తీసుకుని పోయిన రాత్రి, నాకు హాయిగా నిద్ర పట్టాలి కదా? పట్టలేదు.

మరుసటి రోజు జడ వేస్తుంటే అమ్మాయి అడిగింది. అప్పటికి ఏడేళ్లు నిండబోతున్నాయి. తమ్ముణ్ణి రెండేళ్లుగా చూస్తోంది కదా.

"అమ్మా, నాకూ ఇట్లే పాలిచ్చినావా?"

ఈ ప్రశ్న ఎప్పుడో వస్తుందని నాకు తెలుసు. దువ్వెన ఆగిపోయింది. అబద్ధం చెప్పొచ్చు. "ఇచ్చినాను, కానీ మూడు నెలలే" అన్నాను. "నీకు ఇవ్వడం నాకు చేతకాలేదు రా. ఎట్లా ఇవ్వాలో తెలీదు. చెప్పేవాళ్లూ లేరు. నీ తర్వాత నేర్చుకున్నాను."

కాసేపు ఆలోచించింది. "అంటే నా దగ్గర నేర్చుకొని వాడికిచ్చినావు."

"అవును."

"అయితే వాడు నాకు థ్యాంక్స్ చెప్పల్ల" అంది. జడ సగంలో వదిలేసి తమ్ముడి దగ్గరికి పరిగెత్తింది.

ఏడేళ్లు మోసిన బరువు దానికి అంత తేలిగ్గా కనిపించింది. నాది పూర్తిగా దిగిందని చెప్పను. కానీ డబ్బా పాలతో పెరిగిన నా కూతురు ఇప్పుడు నా భుజం దాటింది, ఇంటిల్లిపాదిలో దానికే నోరు ఎక్కువ. నిజంగానే ఇవ్వలేని తల్లులు ఉంటారు. ఆరోగ్యం బాగాలేనివాళ్లు, పనికి పోక తప్పనివాళ్లు, మా అత్త లాంటివాళ్లు. వాళ్ల ముందు నా రెండేళ్ల నాలుగు నెలలను గొప్పగా చెప్పుకోను. ఇవ్వగలిగి ఉండీ, చెప్పేవాళ్లు లేక ఆగిపోయినవాళ్ల గురించే నా బాధంతా.

అందుకే ఆ రోజు చెల్లెలితో చెప్పాను: "నువ్వేం తప్పు చేయలేదు. ముందు గుడ్డలు లెక్కపెట్టు. ఆరు తడిస్తే భయం లేదు. తగ్గితే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించు, తూకం వేయించు. ఎట్లా పట్టించాలో వీడియో కాల్‌లో చూపిస్తా."

మర్నాడు ఉదయం మెసేజ్ పెట్టింది. ఏడు గుడ్డలు. తూకం వేయిస్తే పుట్టిన బరువు దాటి నూట యాభై గ్రాములు ఎక్కువే ఉందట. అయినా దానికి ఇంకా నమ్మకం కుదరలేదు. "ఎండాకాలం వస్తోంది కదక్కా, నీళ్లు..." అని అడిగింది.

పక్కనే బియ్యం ఏరుతున్న అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "నీళ్లొద్దు మే పాపా. నీళ్లు నువ్వు తాగు. బిడ్డకు పాలియ్యి" అంది.